ఆటలో పలికే మాట

మన భాషలో ఆటకు అంత గౌరవం లేదు. లెక్కలోకి రాని మనిషిని ‘ఆటలో అరటిపండు’ అంటాము. ఎదుటివాణ్ణి అదిలించవలసివస్తే ‘నా దగ్గర నీ ఆటలు సాగవు’ అంటాము. బాధ్యత తెలియని పనిని ‘పిల్లలాట’ అని తీసిపారేస్తాము. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేదాన్ని గనుక ఇలాంటి పలుకుబళ్ళు ఎదురైతే ఆగి చూడడం నాకలవాటు. ఇవన్నీ పెద్దవాళ్ళు పుట్టించిన మాటలు. ఇసుకలో గుజ్జనగూళ్ళు వండే పిల్ల ముఖంలోకి ఒక్కసారి చూడండి. అక్కడ నవ్వులాట ఏమీ కనబడదు. కచేరీలో దస్త్రాలు తిరగవేసే గుమాస్తా కంటె ఎక్కువ శ్రద్ధగా ఆ పిల్ల ఇసుక అన్నం వార్చుతూంటుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుకొన్నానంటే, సికింద్రాబాదులోనే ఒక ప్రైవేటు బడిలో పనిచేసే ఉపాధ్యాయిని ఒకరు నాకు ఉత్తరం వ్రాశారు. బడివారు ఈ ఏడు ఆమెను కౌన్సెలరుగా నియమించారట. ‘పెద్ద తరగతుల పిల్లలు ఏదో ఒకటి చెబుతారు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళను కూర్చోబెట్టి, ఏమైందమ్మా అని అడిగితే గోడకేసి చూస్తారు. లేకపోతే జడ కొస నములుతారు. బొమ్మలతో ఆడిస్తే మనసు విప్పుతారని విన్నాను. ఎలా ఆడించాలి?’ అని ఆమె ప్రశ్న.

ఆ చివరి మాటలోనే చిక్కంతా ఉంది. కావలసింది ఆడించడం కాదు. పిల్లవాడు ఆడుతూంటే దగ్గర కూర్చోవడం. వినడానికి ఈ రెంటికీ తేడా స్వల్పంగానే తోస్తుంది. చేయబోయినప్పుడు గాని అసలు కష్టం తెలియదు.

నేను మనస్తత్వ శాస్త్రం చదివినదాన్ని కాను. మా కళాశాలలో విద్యార్థుల కష్టసుఖాలు వినే పని నాకప్పగించినప్పుడు కొన్ని పుస్తకాలు తిరగవేశాను. పిల్లల ఆటవైద్యంలో ఆరితేరిన ఒకావిడ నడిపే శిక్షణ తరగతులకు కొన్నాళ్ళు వెళ్ళాను. ఆ తరువాత మా బంధువుల ఇంట్లోనే దాని అవసరం పడింది. ఆ కథ ముందు ముందు చెబుతాను.

దీనిని ‘ప్లే థెరపీ’ అంటారు. దీని చరిత్ర నూరేళ్ళ పై చిలుకుది. 1909లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ ఒక ఐదేళ్ళ కుర్రవాడి గురించి వ్రాశాడు. ఆ పిల్లవాడికి గుర్రాలంటే హడలు. ఇంటి దగ్గర తండ్రి చూసినవీ, విన్నవీ తెచ్చి చెబుతూంటే వాటిని బట్టి ఫ్రాయిడ్ సలహాలిచ్చాడు. పెద్దవాళ్ళనైతే సోఫా మీద పడుకోబెట్టి మాట్లాడించవచ్చు. పసివాళ్ళు అలా మాట్లాడరు గదా! 1920 తరువాత మెలనీ క్లైన్, ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ మొదలైనవారు బొమ్మలను వైద్యుల గదిలోకి తెచ్చారు. 1928లో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరు లండనులో పిల్లలకొక క్లినిక్ తెరిచింది. ఇసుక పోసిన పళ్ళాలు, చిన్న చిన్న మనుషులు, జంతువులు, ఇళ్ళు అక్కడ అందుబాటులో ఉంచింది. పిల్లలే దానికి ‘ప్రపంచం’ అని పేరు పెట్టారు.

ఈనాడు కౌన్సెలర్లు నేర్చుకొనే పద్ధతికి మూలం అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో ప్రచురించిన గ్రంథం. అందులో ఆమె ఎనిమిది సూత్రాలు చెప్పింది. క్లుప్తంగా వాటి సారమిది: పిల్లవాడితో చెలిమి కుదుర్చుకో, వాడెలా ఉన్నాడో అలాగే ఒప్పుకో, తన మనసులోది బయటపెట్టవచ్చునన్న ధైర్యం వాడికి కలగనీ, వాడి మనసులో ఏముందో గ్రహించి తిరిగి వాడికే వినిపించు, తన చిక్కు తాను విప్పుకోగల శక్తి వాడికున్నదని నమ్ము, దారి వాడు తీస్తాడు, నువ్వు వెనక నడు, తొందరపెట్టకు, నిజంగా అవసరమైన హద్దులు మాత్రమే పెట్టు. 1964లో ఆమె ‘డిబ్స్’ అనే పిల్లవాడి కథను పుస్తకంగా వెలువరించింది. బడిలో బల్లల క్రింద నక్కి కూర్చొనే ఆ పిల్లవాడికి బుద్ధిమాంద్యమేమోనని పెద్దలనుకొన్నారు. వారానికొక గంట ఆటగదిలో గడిపిన మీదట తేలిందేమంటే, వాడు అసాధారణమైన తెలివి గలవాడు.

మన సికింద్రాబాదుకు పిల్లల మనసులను గురించిన ఆలోచన కొత్తదేమీ కాదు. 1977లో డాక్టర్ పి. హనుమంతరావుగారు ఇక్కడే స్వీకార్ సంస్థను స్థాపించారు. 1984లో బోయినపల్లి మనోవికాస నగర్‌లో, బుద్ధివికాసంలో వెనుకబడిన పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం జాతీయ సంస్థను నెలకొల్పింది. ఇప్పుడు దాని పేరు మారి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అయింది. ఆ సంస్థ రూపొందించిన బోధన సామగ్రి పెట్టెలు ప్రభుత్వ పథకం క్రింద దేశంలో అనేక చోట్లకు చేరాయి. అయితే ఒక తేడా గమనించాలి. రంగులు గుర్తుపట్టడం, గుండీ పెట్టుకోవడం, లెక్కించడం బొమ్మల సాయంతో నేర్పేవారు ఒక లక్ష్యం ముందు పెట్టుకొని పిల్లవాణ్ణి అక్కడికి నడిపిస్తారు. అది ఎంతో అవసరమైన విద్య. మనం ఇప్పుడు చెప్పుకొనే ఆటవైద్యంలో మాత్రం గమ్యం ముందుగా తెలియదు. నడిపించేవాడు పిల్లవాడే. నేర్పే అలవాటు బాగా ముదిరిన మా ఉపాధ్యాయులకు ఇది మింగుడుపడటం కొంచెం కష్టం.

ముందుగా బొమ్మల సంగతి. ఖరీదైనవి అక్కరలేదు. మూడు రకాలుంటే చాలునని నిపుణులంటారు. ఇంటినీ లోకాన్నీ చూపించేవి మొదటివి: లక్కపిడతలు, అమ్మా నాన్నా తాతా అవ్వా పిల్లలూ గల బొమ్మల కుటుంబం, డాక్టరు సామాను, ఆటో, రైలు, రెండు ఆట టెలిఫోనులు. కోపం తీర్చుకోవడానికి పనికివచ్చేవి రెండోవి: పులి, పాము, చెక్క కత్తి, గుద్దడానికొక దిండు. చేతులతో ఏదైనా చేసుకోవడానికి వీలైనవి మూడోవి: బంకమన్ను, ఇసుక, రంగులు, కాగితాలు, పాత చీర ముక్కలు. కొండపల్లి బొమ్మ చూడముచ్చటైనదే గాని తేలికైన పొనికి కర్రతో చేసినది, విసిరితే నిలవదు. ఏటికొప్పాక లక్క బొమ్మలు నునుపుగా, గుండ్రంగా ఉంటాయి. ఈ పనికి బాగా ఒదుగుతాయి. మీట నొక్కగానే తమంతట తామే గెంతి పాడే బొమ్మలు వద్దు. ఆట అవి ఆడితే ఇక పిల్లవాడికి మిగిలేదేమిటి?

గది చిన్నదైనా ఫరవాలేదు. చాప పరచి, బొమ్మలు ప్రతిసారీ ఒకే చోట కనబడేట్టు సర్దాలి. వారానికొకసారి, అదే రోజు, అదే వేళకు, ముప్పావు గంట. పిల్లవాడు రాగానే, ‘ఇది మన ఆటగది. ఇక్కడున్నవాటితో నీకిష్టమైనట్టు చాలావరకు ఆడుకోవచ్చు’ అని చెబితే సరి. ఆ ‘చాలావరకు’ అనే మాట మరచిపోకూడదు. దాని అవసరం తరువాత వస్తుంది.

ఇక నేర్చుకోవలసిన విద్యలు. మొదటిది, చూసినదాన్ని చెప్పడం. పిల్లవాడు చెక్కముక్కను చాప మీద తోస్తున్నాడనుకోండి. ‘దాన్ని అలా దూరంగా తీసుకువెళ్తున్నావు’ అంటాము. అంతే. ‘కారు తోలుతున్నావా?’ అనకూడదు. మనకది కారు, వాడికది బర్రె కావచ్చు, అంబులెన్సు కావచ్చు. పేరు పెట్టే హక్కు వాడిది. వాడు పేరు పెట్టిన తరువాత మనమూ ఆ పేరుతోనే పిలవాలి. ఈ విషయంలో మన తెలుగు చాలా వీలైన భాష. ‘అది’, ‘దాన్ని’, ‘అక్కడ’ అనే మూడు మాటలతో ఎంతసేపైనా పిల్లవాడి వెంట నడవవచ్చు. ఇలా చెప్పడం వల్ల ఏమి ప్రయోజనమంటారా? నేను నిన్నే చూస్తున్నాను, నా మనసు వేరే ఎక్కడా లేదు అని వాడికి తెలుస్తుంది. ఇంట్లో ముప్పావు గంటసేపు తన వంకే చూసే పెద్దమనిషి ఎంతమంది పిల్లలకు దొరుకుతారో మీరే ఆలోచించండి.

ఇందులో భాగమే ప్రశ్నలు మానుకోవడం. మనం పిల్లల నడిగే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద వ్రాసి చూస్తే, సగం వాటికి జవాబు మనకు ముందే తెలుసు. మిగతా సగానికి జవాబు వాళ్ళకే తెలియదు. ‘ఎందుకేడుస్తున్నావు?’ అంటే ఆరేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? బడిలో ప్రశ్నంటే పరీక్ష. ఇంట్లో ప్రశ్నంటే విచారణ. రెండిటికీ పిల్లలు నేర్చిన జవాబు మౌనమే. అలాగే పొగడ్త కూడా. ‘భలే వేశావే బొమ్మ!’ అని ఒకసారి అన్నామంటే, రెండోసారి వాడు మన మెప్పు కోసం వేస్తాడు. మనసులోని నల్లరంగు అడుగున దాచి, పైన పువ్వులు వేస్తాడు. ‘చాలాసేపు కష్టపడి వేశావు’ అంటే చాలు.

రెండవ విద్య, మనసెరిగి పలకడం. బొమ్మ విసిరిన పిల్లవాడితో, ‘నీకు కోపం వచ్చింది’ అంటాము. తలుపు వంకే చూసే పిల్లతో, ‘అమ్మ బయట ఉందో లేదోనని బెదురుగా ఉంది’ అంటాము. పొరపాటు చెబితే వాడే దిద్దుతాడు. దానివల్ల నష్టం లేదు. ఇక్కడ మాత్రం తెలుగు పంతులమ్మగా నేనొక మాట చెప్పాలి. కౌన్సెలర్లకిచ్చే ఇంగ్లీషు పుస్తకాలలో పిల్లలకు నాలుగైదు భావాల పేర్లు నేర్పుతారు: సంతోషం, విచారం, కోపం, భయం. మన ఇళ్ళల్లో వాడే మాటలు అంతటితో ఆగవు. అలక వేరు, కోపం వేరు. అలిగినవాడు బ్రతిమాలించుకోవాలని చూస్తాడు. కోపం వచ్చినవాడు దగ్గరకు రానివ్వడు. చేతకాక, ఏమీ చెయ్యలేక వచ్చేది ఉక్రోషం. మనిషి కనబడక లోలోపల పీక్కుపోవడం బెంగ. ఏదో జరగబోతుందనే అనుమానం గుబులు. ఉక్రోషంతో ఊగిపోతున్న పిల్లవాడితో ‘కోపంగా ఉన్నావు’ అంటే సగమే తగులుతుంది. ‘ఎంత ప్రయత్నించినా రావడం లేదని ఉక్రోషంగా ఉంది’ అంటే వాడు తలెత్తి మన మొహంలోకి చూస్తాడు.

మన ఊరు దండు వెలసిన ఊరు. ఇక్కడ ఒక వాడలో తెలుగు, పక్క వీధిలో ఉర్దూ, ఆ మలుపులో తమిళం వినిపిస్తుంది. బడికి వెళ్తే అందరికీ ఇంగ్లీషే. పిల్లవాడికి బెంగ ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే దానిని పలకాలి. బడి నిబంధన ప్రకారం ఆటగదిలో కూడా ఇంగ్లీషే మాట్లాడతామంటే, తాళం వేరు, తాళంచెవి వేరు అయినట్టే. ఆ భాష మీకు రాకపోతే, వచ్చిన మరొక కౌన్సెలరుకు పిల్లవాణ్ణి అప్పగించడం మేలు.

మూడవ విద్య, పెత్తనం తిరిగి వాడికే ఇవ్వడం. ‘ఏ రంగు వెయ్యనండీ?’ అని అడుగుతాడు. ‘ఇక్కడ అది నువ్వే నిర్ణయించుకోవచ్చు’ అంటాము. ‘ఈ మూత రావడం లేదు’ అని డబ్బా మన చేతికిస్తాడు. మనమే తీసి ఇచ్చెయ్యకూడదు, పొమ్మనకూడదు. ‘ఎలా తియ్యాలో చెప్పు, ఇద్దరం కలిసి పడదాం’ అనాలి. తన వల్ల కాదనుకొన్న పని తన చేతుల మీదుగా అయినప్పుడు పిల్లవాడి భుజాలు కొంచెం పైకి లేస్తాయి. ఇది నేను కళ్ళారా చూశాను.

నాలుగవది హద్దు. ఇష్టం వచ్చినట్టు ఆడనిస్తే పిల్లలు చెడిపోరా అని మీలో చాలామందికి సందేహం కలిగే ఉంటుంది. అందుకే ఆ ‘చాలావరకు’. తనకు గాని, మనకు గాని దెబ్బ తగలకూడదు. కావాలని సామాను పాడుచెయ్యకూడదు. ఇంతకు మించి హద్దులు అవసరం లేదు. హద్దు చెప్పే పద్ధతిని అమెరికాలో గ్యారీ లాండ్రెత్ అనే ఆచార్యుడు మూడు మెట్లుగా విడదీశాడు. ముందు భావం ఒప్పుకోవాలి, తరువాత హద్దు చెప్పాలి, ఆ పైన వేరే దారి చూపాలి. పిల్లవాడు చెక్కకత్తి ఎత్తి మన మీదికి వచ్చాడనుకోండి. ‘నీకు నా మీద బాగా కోపం వచ్చింది. నన్ను కొట్టకూడదు. కావాలంటే ఆ దిండే నేననుకొని దాన్ని కొట్టు.’ గొంతు పెంచనక్కరలేదు, కళ్ళెర్ర చెయ్యనక్కరలేదు. మనం సాధారణంగా నడుమ మెట్టొక్కటే ఎక్కుతాము: ‘కొట్టకూడదు!’ మొదటి మెట్టు లేకపోతే పిల్లవాడికి మనమీద నమ్మకం పోతుంది. మూడో మెట్టు లేకపోతే కోపం ఎటు పోవాలో తెలియక లోపలే ఉండిపోతుంది.

ఇక ముగింపు. వేళ అయిపోవడానికి ఐదు నిమిషాల ముందే చెప్పాలి. ‘ఇంకా కాసేపు’ అని బ్రతిమాలినా, ‘నీకు వెళ్ళాలని లేదు. ఈవేళ్టికి వేళైంది. మళ్ళీ వచ్చే వారం ఇదే వేళకు వద్దువుగాని’ అని లేవాలి. మాట ఇచ్చిన వేళకు ఆట మొదలై, చెప్పిన వేళకు ముగుస్తుంటే పిల్లవాడికి కాళ్ళ క్రింద నేల గట్టిపడుతుంది.

ఇదంతా చదివి, ఇందులో వైద్యమేముంది అనిపిస్తుంది. చూసింది చెప్పడం, ప్రశ్న మానడం కూడా ఒక విద్యేనా? దీనికి జవాబుగానే మా వాళ్ళింట జరిగిన సంగతి, మా చెల్లెలి అనుమతి తీసుకొని చెబుతున్నాను.

1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాదు దానికి ముఖ్యస్థానమైంది. ఆ తరువాత రైల్వే మనిషి లేని బంధువర్గం ఈ ఊళ్ళో అరుదు. మా బాబాయి గార్డుగా పనిచేసి రిటైరై, మారేడుపల్లిలో కూతురి దగ్గర ఉండేవారు. మనవరాలికి ఆరేళ్ళు. సాయంకాలం ఆ పిల్ల చెయ్యి పట్టుకొని వెళ్ళి రైళ్ళు చూపించడం ఆయన నిత్యకృత్యం. తన పాత ఈల కూడా దానికిచ్చారు. ఒకనాటి తెల్లవారుజామున ఆయనకు గుండెపోటు వచ్చింది. పిల్ల నిద్ర లేవకముందే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆయన ప్రాణాలతో తిరిగి రాలేదు. పిల్లను వేరే ఇంటికి పంపి, పెద్దవాళ్ళంతా కూడబలుక్కొని ‘తాతయ్య ఊరెళ్ళాడు’ అని చెప్పారు. పసిదానికెందుకీ దుఃఖం అన్న ప్రేమే గాని అందులో మోసమేమీ లేదు. మన ఇళ్ళలో తరతరాలుగా చెబుతూ వచ్చిన మాటే అది.

నెల తిరిగేసరికి పిల్ల బడిలో మాట్లాడడం మానేసింది. ఇంట్లో అడిగినదానికి ఒకటి రెండు ముక్కలు. రాత్రిళ్ళు పక్క తడపడం మొదలుపెట్టింది. డాక్టరు చూసి చెవికీ గొంతుకూ ఏ లోపమూ లేదన్నాడు. ‘మిస్సు కొట్టిందా? ఎవరైనా ఏమైనా అన్నారా?’ అని ఇంటిల్లిపాదీ అడుగుతూనే ఉన్నారు. అడిగినకొద్దీ పిల్ల ముడుచుకుపోయింది. అప్పుడు నాకు పాఠాలు చెప్పిన ఆవిడ దగ్గరికే తీసుకువెళ్ళాము. ఆమె సంగతంతా విని, పిల్లకు నిజం చెప్పమన్నారు. మా పిన్ని ఒప్పుకోలేదు. ‘నేనే తట్టుకోలేకపోతున్నాను, అదెలా తట్టుకొంటుందే?’ అంది. భర్త పోయిన మనిషితో ఎవరు వాదిస్తారు?

ఆటగదిలో నాలుగు వారాలు పిల్ల బొమ్మలను వరసగా నిలబెట్టి ఊరుకొంది. ఐదో వారం నుంచి ఆవిడ తల్లికి కూడా ఈ పద్ధతి నేర్పారు. తల్లిదండ్రులకే ఆటవైద్యం నేర్పి ఇంటి దగ్గర చేయించవచ్చునని బెర్నార్డ్ గెర్నీ అనే శాస్త్రజ్ఞుడు 1964లోనే చూపించాడు. వారానికి అరగంట చాలు. ఆ అరగంటలో తల్లి ఏమీ అడగదు, నేర్పదు, దిద్దదు.

మూడో ఆదివారం నాడు పిల్ల చెక్క రైలు తీసుకొంది. ముసలాయన బొమ్మను అందులో కూర్చోబెట్టి మంచం క్రిందికి తోసింది. రైలు తిరిగి వచ్చింది, బొమ్మ లేదు. మళ్ళీ తోసింది. మళ్ళీ ఖాళీగా వచ్చింది.

‘రైలు వెళ్ళింది, వచ్చింది. అందులో ఎవరూ లేరు’ అంది మా చెల్లెలు.

పిల్ల ఒక చిన్న ఆడబొమ్మను తీసి బోర్లా పడుకోబెట్టింది. ‘దీనికి శిక్ష’ అంది.

‘ఎందుకమ్మా?’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చిందట. ఎలా ఆపుకొన్నానో నాకే తెలియదక్కా అని మా చెల్లెలు తరువాత చెప్పింది. ‘దానికి శిక్ష పడింది’ అని మాత్రం అంది.

చాలాసేపటికి పిల్ల రైలును చూస్తూనే చెప్పింది: ‘తాతయ్య పడుకొంటే ఈల ఊదింది. అందుకే చెప్పకుండా వెళ్ళిపోయాడు.’

ఆయన పోయిన ముందు రోజు సాయంత్రం ఆ పిల్ల నిజంగానే ఈల ఊదిందట. ఆయన ఒంట్లో నలతగా ఉందని పడుకొన్నారు, ఎవరో కసిరారు. అంతటితో అందరూ మరచిపోయారు. పిల్ల మాత్రం ఆ రెండు సంగతులనూ ముడివేసుకొని, నోరు విప్పితే ఇంకెవరు వెళ్ళిపోతారోనని రెండు నెలలు బిగపట్టుకొని కూర్చొంది. దాని నుంచి దాచామనుకొన్న దుఃఖం కంటె అది ఒంటరిగా మోసిన నేరం పెద్దది.

‘తన వల్లే వెళ్ళాడని ఆ పాప అనుకొంటోంది. దానికి తాతయ్య మీద బెంగగా ఉంది’ అంది తల్లి. పిల్ల వచ్చి ఒడిలో కూర్చొని, ఆయన పోయిన తరువాత మొదటిసారి భోరున ఏడ్చింది.

ఆ రాత్రి మా పిన్నే, చెప్పెయ్యమంది. మరునాడు తల్లీ తండ్రీ కూర్చోబెట్టుకొని, నిపుణురాలు చెప్పినట్టే, తాతయ్య గుండె పనిచెయ్యడం ఆగిపోయిందనీ, డాక్టర్లు ఎంత ప్రయత్నించినా బాగుపడలేదనీ, ఆయన చనిపోయాడనీ, ఇక రాడనీ చెప్పారు. ఈల వల్ల ఎవరూ చనిపోరనీ చెప్పారు. ‘నిద్రపోయాడు’ అంటే పిల్లలకు నిద్రంటే భయం వేస్తుంది. ‘దేవుడు తీసుకుపోయాడు’ అంటే దేవుడంటే భయం వేస్తుంది. అందుకని ఉన్న మాటే చెప్పాలట. పిల్ల అంతా విని, ‘అయితే రైలెక్కలేదా?’ అంది. లేదన్నారు. ‘మరి టికెట్టు?’ అంది. అక్కడున్నవాళ్ళకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మంత్రం వేసినట్టు అన్నీ మర్నాటికల్లా సర్దుకొన్నాయని చెప్పను. పక్క తడపడం మరో రెండు నెలలు సాగింది. బడిలో మొదట పక్కనున్న పిల్ల చెవిలో గుసగుసగా మాట్లాడింది. పంతులమ్మకు జవాబు చెప్పడానికి పరీక్షలదాకా పట్టింది. రైలు ఆట మాత్రం మారింది. ముసలాయన బొమ్మ ఇప్పుడు రైలెక్కడం లేదు. పాప బొమ్మే గార్డయి ఈల వేస్తోంది.

ఉత్తరం వ్రాసిన ఉపాధ్యాయినిగారికి రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. ఒకటి, ఆటను కూపీ లాగే సాధనంగా వాడవద్దు. పిల్లవాడు బొమ్మను కొట్టాడు గనుక ఇంట్లో వాణ్ణి కొడుతున్నారని తీర్మానించడం తగదు. ఒక ఆటకు అర్థం ఒకటే ఉండదు. అయితే పిల్ల మీద ఎవరైనా లైంగికంగా దుశ్చర్యకు పాల్పడ్డారని తోచినప్పుడు మీరే గుచ్చి గుచ్చి అడగకుండా, ఆలస్యం చెయ్యకుండా పోలీసులకు తెలియజేయాలి. 2012 నాటి పోక్సో చట్టం దానిని మన అందరి విధిగా చేసింది. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. రెండు, నా వ్యాసం చదివి గాని, రెండు రోజుల శిక్షణకు వెళ్ళి గాని ఎవరూ వైద్యులు కారు. పిల్లవాడి చిక్కు లోతైనదని తోస్తే అనుభవజ్ఞుల దగ్గరికి పంపండి. పిల్లవాడు ఆటలో అన్న మాటలన్నీ స్టాఫు రూములో చెప్పుకోవద్దు; తల్లిదండ్రులకు కూడా తెలియవలసిన సారం చెప్పండి గాని, పలికిన ప్రతి మాటా అప్పజెప్పకండి.

మొదలుపెట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంట్లో చిన్నపిల్లలున్న పాఠకులు కూడా ఈ ఆదివారం ప్రయత్నించి చూడవచ్చు. సెల్‌ఫోను పక్క గదిలో పెట్టి, పిల్లవాడి దగ్గర చాప మీద అరగంట కూర్చోండి. వాడు చేసేది చూస్తూ, చూసినదాన్ని ఒకటి రెండు మాటల్లో చెప్పండి. ప్రశ్న వెయ్యాలనిపించిన ప్రతిసారీ వేలు మడవండి. మొదటిసారి పది వేళ్ళూ పది నిమిషాల్లోనే చాలవు. నాలుగైదు వారాలు ఓపిక పడితే, మీ చేతిలో వేళ్ళు మిగలడం మొదలవుతుంది. పిల్లలు మాట్లాడడం కూడా ఇంచుమించు అప్పుడే మొదలవుతుంది.